కొత్త సామలు, చిన్న దొప్ప

విశాఖ స్టేషన్లో కిరండోల్ పాసింజర్ ఎక్కేముందు నేను చేసిన మొదటి పని, రూపాయి బిళ్ళ వేసి బరువు తూచుకోవడం. రంగు దీపాలు గిర్రున తిరిగి మిషను కార్డు కక్కింది. డాక్టరు చెప్పిన బరువుకి ఇంకా మూడు కిలోలు ఎక్కువే. కార్డు వెనక "శుభవార్త వింటారు" అని అచ్చేసి ఉంది. ముందు నీ అంకె సంగతి చూసుకో అని దాన్ని తిట్టి పర్సులో పడేశాను.

సంగతేమిటంటే, మా తమ్ముడు ప్రసాదుకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నాది సరిపోయింది కానీ, ఈ ఒంటితో ఆపరేషన్ చేయలేం, తగ్గి రమ్మన్నారు. తిండంటే ప్రాణం నాకు. అలాంటిదాన్ని ఎండాకాలం నుంచీ పుల్కాలతో, కీరా ముక్కలతో కాలక్షేపం చేస్తున్నాను. అది చూడలేక వాడు, "నువ్వు కడుపు మాడ్చుకుని ఇచ్చేది నాకొద్దప్పా. డాక్టరుకి చెప్పేస్తాను" అని కొన్నాళ్ళుగా ఒకటే గొడవ. మంగళవారం వాడికి మళ్ళీ డయాలిసిస్, నాకు మళ్ళీ తూకం. ఈలోగా దొరికిన రెండు రోజుల్లో ఈ ప్రయాణం. జబ్బు పడకముందు వాడు అరకు దగ్గర కాఫీ తోటల్లో సూపర్‌వైజరు. అక్కడ పనిచేసే చిలకమ్మ, తమ ఊళ్ళో సామ కొత్త పండగకి రమ్మని కబురు పంపింది. వెళదామప్పా అని వాడు నోరు తెరిచి అడిగాక కాదనడం నా వల్ల కాలేదు.

బండి ఉదయం ఏడుకి కదిలింది. వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలన్నీ అటే. శృంగవరపుకోట దాటగానే ఎదుటి సీటావిడ పులిహోర డబ్బా విప్పింది. ఇంగువ వాసనకి నా ప్రాణం లేచొచ్చింది. వద్దంటే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "రేపట్నుంచి మానీండమ్మా, ఇయ్యాల పెయానం గదా" అంది. ప్రసాదు మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. తర్వాత సొరంగాల చీకట్లో వాడి చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. బొర్రాలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వచ్చాయి. ఇద్దరం కొనలేదు.

పదకొండు దాటాక అరకులో దిగి, గెస్ట్‌హౌస్‌లో సంచి పడేసి, సర్వీసు జీపు ఎక్కాం. జీపు దిగాక కొంచెం నడక. వలిసె చేలు అప్పుడప్పుడే పసుపుపచ్చగా పూస్తున్నాయి. చిలకమ్మ ఎదురొచ్చి, "ఏటి బాబూ, ఇలాగైపోనావు" అని ప్రసాదు భుజాలు తడిమింది.

ఈ పండగ పద్ధతి దారిలో వాడు నాకు చెప్పాడు. కొత్త పంట చేతికొచ్చినా, దేవుడికీ పెద్దలకీ పెట్టేదాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. పెట్టాక, గుమ్మంలోకి వచ్చిన అందరూ తినాల్సిందే. చిలకమ్మ అత్తగారు పొద్దున్నుంచీ పస్తుంది. అందరి నోట్లోనూ ముద్ద పడ్డాక గానీ ఆవిడ తినదట.

విస్తళ్ళు వేశారు. కొత్త సామన్నం, కందుల కూర, నాటుకోడి పులుసు. నా ఆకులో అన్నం గుట్టగా పడింది. అది తినడం మొదలుపెడితే నేను ఆగను, నా సంగతి నాకు తెలుసు. అందుకని ఆకు కొంచెం పక్కకి జరిపి, చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసి కీరా ముక్క నోట్లో వేసుకున్నాను.

అందరి చేతులూ ఆగిపోయాయి. ముసలావిడ మెల్లగా గోడకి ఆనుకుంది.

"మా సేతి కూడు తినరేటి అమ్మగారూ?" అంది చిలకమ్మ. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కింద ఊళ్ళ నుంచి వచ్చి, వీళ్ళ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయేవాళ్ళని ఎంతమందిని చూసిందో ఆవిడ.

నాకు ఏడుపొచ్చేసింది. "అయ్యో, అది కాదు తల్లీ" అని కిడ్నీ సంగతి, తూకం సంగతి అంతా చెప్పేశాను. ప్రసాదు తల వంచుకుని, "నేనొద్దంటన్నాను, వినదు" అన్నాడు.

చిలకమ్మ లేచి నా ఆకు తీసేసింది. పసిపిల్లలకి పెట్టే చిన్న దొప్ప తెచ్చి, అందులో గుప్పెడు సామన్నం పెట్టింది. ముసలావిడ పాక్కుంటూ వచ్చి, దాంట్లోంచి ముద్ద చేసి తన చేత్తో నా నోట్లో పెట్టింది.

"కొత్త నోట్లో పడాల. కడుపు నిండాలని నేదు" అంది. తర్వాత ప్రసాదు గడ్డం పట్టుకుని, "అప్ప పెడతంటే వద్దంటావేట్రా? పెట్టినప్పుడు తినాల" అంది.

వాడు తన ఆకులో డాక్టరు ఒప్పుకున్న కొంచెమూ మెతుకు మిగలకుండా తిన్నాడు. ముసలావిడ అప్పుడు తింది. నా కీరా ముక్కలు పిల్లలు పంచుకున్నారు. ఆ దొప్పలో ఉన్నంత రుచి నేను తిన్న ఏ పెళ్ళి భోజనంలోనూ లేదు.

మర్నాడు చిలకమ్మ జీపెక్కి గెస్ట్‌హౌస్‌కే వచ్చి, కడిగిన నా స్టీలు డబ్బా నిండా కొత్త సామలు పోసిచ్చింది. "బాబుకి బాగయినాక వండుకోండి. అప్పుడు కుండెడు తిందువుగానప్పా" అంది. నిన్నటి అమ్మగారు పోయి అప్పనైనందుకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మధ్యాహ్నం బండికి దిగొచ్చాం. అరకు అందం గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఎవరింట్లోనైనా ఆకు వేస్తే మాత్రం డబ్బా తీయకండి, ఉన్న మాట చెప్పండి.

రాత్రి విశాఖలో దిగగానే ప్రసాదు బరువు మిషను దగ్గర ఆగి తనే బిళ్ళ తీశాడు. నేను ఎక్కబోతుంటే, "సామలు ఇలా ఇయ్యి. అవి నీ ఒళ్ళు కాదు" అని డబ్బా లాక్కున్నాడు. అరకిలో తగ్గాను. కార్డు చూసి జేబులో పెట్టుకుని, "మంగళవారం డాక్టరుతో నేనే మాట్లాడతానప్పా. తీసుకుంటానని చెప్తాను" అన్నాడు.

ఆ డబ్బా మూత మాఘమాసంలో తీశాం, ఇద్దరం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక. పెద్ద ఆకులే వేసుకున్నాం. మొదటి ముద్ద వాడు నా నోట్లో పెట్టి, నేను మింగేదాకా చూసి, అప్పుడు తిన్నాడు.