ఎడమ అరచేయి తుడిచిన లెక్క

ఎల్బీ నగర్ దగ్గరి ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో స్మార్ట్‌బోర్డులు బిగించింది నేనే. ఎనిమిదో తరగతిలో నల్లబల్ల నుంచి పారిపోయాను. అది తెల్లబడి, కరెంటు తగిలించుకుని మళ్లీ నా చేతికే వచ్చింది.

బిగించాక టీచర్లకు రెండు రోజుల శిక్షణ. ఏదైనా మొరాయిస్తే చూడాలని నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఆ చోటు నాకు కొత్త కాదు.

నేర్చుకునేవాళ్లలో ఒక లెక్కల టీచరు ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినావిడ. రెండో రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ ముందు అందరూ ఈ బోర్డు మీద ఒక పాఠం చెప్పి చూపించాలి. చెప్పలేకపోతే ఆవిడ పదో తరగతి ఇంకొకరికి పోతుంది. ఆ మాట ముందే చెప్పేశారు.

ఆవిడ రాస్తే బోర్డు మీద అంకె నిలవలేదు. వరుస పూర్తయ్యేసరికి మొదలు మాయం. కంపెనీ పంపిన ట్రైనర్ రెండుసార్లు బోర్డు ఆపి వెలిగించాడు.

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం ఉన్నట్టుంది మేడం. నేను రాస్తే మంచిగనే ఒస్తుంది."

"అంటే నా రాతే దానికి గిట్టట్లేదన్నమాట," అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, చూపు గోడ గడియారం మీద ఉంది.

ఒకే బోర్డు ఇద్దరి దగ్గర రెండు రకాలుగా ఎందుకుంటుంది? అదే నన్ను పురుగులా తొలిచింది. రెండో రోజు అందరూ టీకి వెళ్లాక ఆవిణ్ణి మళ్లీ రాయమని, పక్కన నిలబడి చూశాను. కుడిచేత్తో రాస్తూ, వరుస వంకర పోకుండా ఎడమ అరచేయి బోర్డుకు ఆనించి, రాత వెంబడే జరుపుతోంది. అరచేయి ఆనితే ఆ బోర్డుకు డస్టర్ కింద లెక్క. ట్రైనర్‌కూ ఆ సంగతి తెలుసు. కానీ సుద్దముక్క పట్టని మనిషి, అతని ఎడమచేయి ఎప్పుడూ జేబులోనే ఉండేది, రాసేవాళ్లు చెయ్యి అలా ఆనిస్తారని తోచలేదు.

"మేడం, జర మీ ఎడమ చెయ్యి చూపియ్యున్రి."

"జాతకం చెప్తావా బాబూ?"

"దొంగ గీడనే దొరికిండు మేడం. గా చెయ్యి రాస్తుంటే గీ చెయ్యి ఎన్కనే తుడుచుకుంట పోతున్నది."

ఆవిడ అరచేతిని తిప్పి చూసుకుంది. "ఇన్నేళ్లూ నా వరుసలు తిన్నగా నిలబెట్టింది ఇదేనయ్యా."

"పరేషాన్ గాకున్రి. గా తుడిచేది సెట్టింగుల బంద్ చేస్తా."

"వద్దులే. రేపు పక్క క్లాసుకి వెళ్తే అక్కడెవరు చేస్తారు?"

సాయంత్రం ప్రిన్సిపాల్ వచ్చి కూర్చున్నారు. ఆవిడ సమీకరణం వేస్తుంటే మూడో వరుసలో, నేను భయపడినట్టే, ఎడమచేయి వెళ్లి ఆనింది. సగం లెక్క పోయింది. ట్రైనర్ లేవబోయాడు. ఆవిడ మిగిలిన సగాన్ని కూడా అరచేత్తో శుభ్రంగా తుడిచేసి, ఇటు తిరిగింది.

"ఇప్పుడు మూడో వరుసలో పోయిందేమిటో చెప్పండి. చూసి కాదు, ఆలోచించి."

సైన్సు సారు ఒకటి చెప్పాడు, ఆటల సారు ఇంకోటి. నేను లోలోపల వేసుకున్నది మూడోది. ప్రిన్సిపాల్ కూడా చెప్పారు, తప్పు.

"గుర్తు మార్చడం మర్చిపోయారు సార్. మళ్లీ చెప్పండి."

ఆయన కాగితం తీసుకుని లెక్క వేసి, ఈసారి సరిగ్గా చెప్పారు. "పదో తరగతి మీ దగ్గరే ఉండనీయండి మేడం," అన్నారు.

ఆవిడ తల ఊపి, పాఠం ఇంకా అయిపోలేదన్నట్టు తర్వాతి వరుస అందుకుంది. ఎడమచేయి బోర్డుకు అంగుళం దూరంలో, ఎటు పోవాలో తెలియక గాల్లోనే ఉండిపోయింది.