మైల ఇంట్లో లెక్కల పుస్తకం

మా నేతకారుల భజన మందిరంలో, దేవుడి పటాల పక్కన ఒక చెక్క బీరువా ఉండేది. మా గ్రంథాలయం అదే. వేములవాడ దారిలోని మా చిన్న ఊళ్లో చదువు ఉర్దూ నుంచి తెలుగుకు మారి అప్పటికి కొన్నేళ్లే. తెలుగు పుస్తకం దొరకడం గగనంగా ఉండేది. పత్రికలో చేరకముందు రెండేళ్లు ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది.

పుస్తకాలు ఇవ్వడం సులువు, రాబట్టడమే కష్టం. అలాగని ఎవరూ దొంగిలించేవారు కాదు. మందిరం నుంచి వచ్చింది కదా అని పుస్తకాన్ని దేవుని గూట్లో పెట్టి, అట్టకు కుంకుమ బొట్టు దిద్ది, రోజూ మొక్కేవారు. నేను అడగడానికి వెళితే, "ఇగో, ఎంత మంచిగున్నదో సూడు" అని గూడు చూపించేవారు. కొందరు పొరుగింటివాళ్లకు ఇచ్చి మరచిపోయేవారు. రెండు పుస్తకాలు అలా పోయాక ఒక నియమం రాసి బీరువా తలుపుకు అంటించాను. పుస్తకం ముందు మందిరానికి రావాలి, ఆ తరువాతే ఇంకొకరికి వెళ్లాలి. ఆ కాగితం చూసుకుని కొంత గర్వపడ్డాను కూడా.

మా వాడలో ఒక యువతి భర్త పోయి అన్న ఇంట్లో ఉండేది. పగలంతా అన్న మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా గట్టెక్కితే ఆడపిల్లల బడిలో పని ఇస్తామని పక్క ఊరి పెద్ద పంతులు ఆమెకు మాటిచ్చాడు. ఆ ఏడాది దాటితే ఆ చోటు వేరొకరికి పోతుంది. మిగతావన్నీ చదివేసింది, లెక్కలే మిగిలాయి. మా దగ్గర లెక్కల పుస్తకం ఒక్కటే ఉంది. అది మరమగ్గం నడిపే ఒకాయన ఇంట్లో, గూట్లో ఉంది.

పరీక్షకు మూడు వారాలుందనగా ఆయన ఇంటికి వెళ్లాను. ఆ తెల్లవారుజామునే ఆయన తల్లి చనిపోయింది. వాకిట్లో జనం. ఏమీ అడగకుండా తిరిగొచ్చి, రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను. ఆయన గడప బయటే నిలబడి మాట్లాడాడు.

"మైల ఇంట్లకెల్లి గుడి వస్తువు ఎట్ల తీస్త, తమ్మీ? దినాలు కానీ."

మైల తగిలిన పుస్తకాన్ని మందిరంలోకి తేవడానికి నాకూ ధైర్యం లేదు. వెళ్లి ఆ యువతికి సంగతి చెబితే, ఆమె కండె తిప్పడం ఆపింది.

"గుడికెందుకే అన్నా? సీదా నాకే తెచ్చియ్యరాదు? నన్ను సూస్తెనే మైల అనెటోళ్లున్నరు. ఇంకో మైల అంటితే నాకేమైతది?"

నియమం ఒప్పుకోదన్నాను. రాసింది ఎవరని ఆమె అడిగింది. నేనేనని చెప్పి వచ్చేశాను.

పదకొండు దినాలూ గడిచాయి. మరునాడు ఆయనే మందిరానికి వచ్చాడు. మళ్లీ అడిగించుకోకుండా పుస్తకం తెచ్చినవాడు ఆ రెండేళ్లలో ఆయన ఒక్కడే. పుస్తకం పసుపుపచ్చగా, రెండింతల లావున ఉబ్బి ఉంది. దినాలు కాగానే ఇల్లంతా కడిగారు. గూట్లోని పటాలనూ గంటనూ పసుపు నీళ్లతో కడిగారు. వాటితో పాటే పుస్తకాన్నీ ముంచి ఎండబెట్టారు.

"శుద్ధి చేసి తెచ్చిన, తమ్మీ. ఇగ ఏ ఫికర్ లేదు" అన్నాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. ముఖంలో అపరాధమేమీ లేదు, ఒక బాధ్యత తీర్చుకున్న నెమ్మది ఉంది. పుస్తకం అందుకుని, కండెలు చుట్టే ఆ యువతికి కబురు పంపాను.

ఆమె ఆ పుస్తకాన్నే పట్టుకుపోయింది. సూదితో ఒక్కో పుట విడదీసిందట. కూడికలు, తీసివేతలు ఊడి వచ్చాయి. అవి ఆమెకు ముందే వచ్చు. భిన్నాల దగ్గర నుంచి చివరి దాకా కాగితాలు ముద్దకట్టాయి, లాగితే చిరిగాయి. పుస్తకం కోసం నేను కరీంనగర్‌లో తెలిసిన ఇద్దరిని అడిగాను. బడిపిల్లలకే లేవన్నారు.

పరీక్ష నాటి ఉదయం వాళ్ల ఇంటి ముందు నుంచి వెళుతుంటే కండెల చప్పుడు వినిపించింది. పరీక్షకు వెళ్లాల్సిన కరీంనగర్ బస్సు అప్పటికి వెళ్లిపోయింది. నేను వాకిట్లో ఆగాను.

"పోలేదా చెల్లె?"

"పోయి ఏం రాస్త అన్నా?" అంది తల ఎత్తకుండా. "నువ్వు మందిరానికి పో. ఆలస్యమైతది."

వేసవి దాటాక ఆడపిల్లల బడిలో ఆ చోటుకు కరీంనగర్ నుంచి వచ్చిన ఒకామె చేరింది. ఆ ఏడాదే మా వాడలో ఆ యువతి అన్న ఇంకో రెండు మగ్గాలు పెట్టాడు. వాటికి కూడా ఆమే కండెలు చుట్టేది.