నా గదికి రావలసిన వేప చెక్కలు

మేం సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు మా ఆయనతో నేను గొడవ పడడానికి మిగిలింది నేల ఒక్కటే. మెట్లు ఎక్కడ రావాలి, వంటగది కిటికీ ఎంత ఉండాలి అన్నవన్నీ ఆయనా, మేస్త్రీ కలిసి నాకు చెప్పకుండానే తేల్చేసుకున్నారు. కనీసం కాళ్ల కింద ఏముండాలో అయినా నన్ను అడగమన్నాను. సరేనని కొత్తచెరువు నుంచి హిందూపురం తీసుకెళ్లాడు, టైల్స్ చూడడానికి.

అంగట్లో ఎటు చూసినా మెరుపే. ముఖం కనిపించేంత నున్నటి టైల్స్ ముందు మా ఆయన దువ్వెన తీసి తల దువ్వుకోవడం ఒక్కటే తక్కువ. నాకు మాత్రం అవి చలికాలంలో మోకాళ్లు పట్టేసే వస్తువుల్లా కనిపించాయి. అద్దె ఇళ్ల గచ్చు మీద కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టీ కుట్టీ నా కీళ్లు అప్పటికే అరిగిపోయాయి.

"ఇల్లంతా నీకు నచ్చిందే వేయించుకో. నా గదికి మాత్రం చెక్క నేల కావల్ల. చెక్కలు మన ఇంట్లోనే ఉండాయి కదా," అన్నాను.

ఆ చెక్కల సంగతి చెప్పాలి. తనకల్లు దగ్గర మా నాయనకు మెట్ట చేను ఉండేది. వాన పడితే చెనిక్కాయ పంట, పడకపోతే దుమ్ము. చేని గట్టున పెద్ద వేపచెట్టు ఒకటి ఉండేది. ఒక ఎండాకాలం పెద్ద గాలి వీచి అది వేర్లతో సహా పడిపోయింది. వాన మాత్రం ఆకులు తడిసేంత కూడా రాలేదు. అప్పటికే నాయన చేను మా అన్నలకు పంచేసి ఉన్నాడు. చెట్టును కోత మిషన్లో వేయించి, చెక్కలు ట్రాక్టరులో తెచ్చి మా వాకిట్లో దించాడు.

"చేను మీ అన్నోళ్లకు పోయింది. ఈ మాను నీది పాపా. ఇల్లు కట్టుకునేటప్పుడు పనికొస్తాది," అన్నాడు. మా ఆయన ఎదుటే ఆ మాట అన్నాడు. ఎదురింటివాళ్లు కూడా విన్నారు.

పుట్టింటి నుంచి నాకు చీరలు వచ్చాయి, గిన్నెలు వచ్చాయి. కానీ ఇది నీది అని నాయన నోరు తెరిచి అన్నది ఆ చెక్కలనే. అందుకే వాటిని అంత భద్రంగా చూసుకున్నాను. గాలి ఆడేట్టు మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చాను, వంకర పోకుండా తిప్పి తిప్పి పెట్టాను. ఇల్లు మారినప్పుడల్లా వెంట తీసుకెళ్లాను. "పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్ల తిప్పుతాండావు," అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

టైల్స్ అంగడాయన మా మాటలు విని కల్పించుకున్నాడు. "అక్కా, అచ్చం చెక్క మాదిరే ఉండే టైల్స్ వచ్చినాయి చూడు. నీళ్లు పోసి కడుక్కోవచ్చు. చెదల బాధ లేదు."

"చెక్కే ఉండగా చెక్క మాదిరిది నాకెందుకన్నా? వేపకు చెదలు యాడ పడతాయి?" అన్నాను.

మా ఆయన నవ్వాడు. "ఆ గది నీది. చెక్కే వేయిస్తా, మాటిస్తాండా," అన్నాడు. వారం తిరగకుండా వడ్రంగి వచ్చి గది కొలతలు తీసుకుపోయాడు కూడా.

నేల పని మొదలయ్యే సమయానికి చెల్లెలి కాన్పుకని నేను బెంగళూరు పోవలసి వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా నా గది ఎంతవరకూ వచ్చిందని అడిగేదాన్ని. "జరుగుతాంది లే. వచ్చి నీ కండ్లతోనే చూద్దువు," అనేవాడు. నాయనను అడిగితే, "బాగుంటాది పాపా, నువ్వేం దిగులు పడొద్దు," అన్నాడు. ఇద్దరి మాటా ఒకటే అయితే నాకు అనుమానమెందుకు వస్తుంది?

తిరిగి వచ్చి నా గది తలుపు తెరిచాను. చెక్క రంగు, చెక్క గీతలు, అక్కడక్కడా ముడులు. ఒక్క క్షణం మురిసిపోయాను కూడా, అదీ నా తెలివి. లోపలికి కాలు పెట్టగానే చల్లగా తగిలింది. వంగి చూస్తే ఆ మూల ఉన్న ముడే ఈ మూలా ఉంది, మంచం వేసే చోటా ఉంది. ఏ చెట్టుకూ ఒకే ముడి అన్ని చోట్ల ఉండదు.

"చెక్కలు యాడ?" అని అడిగాను.

మా ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు. "మీ ఊర్లో అమ్మవారి గుడికి కొత్త తలుపులు కావల్లంట. మీ నాయన వచ్చి అడిగినాడు. వేపంటే అమ్మవారే కదా, దాన్ని కాలితో తొక్కేది మంచిది కాదన్నాడు. నాకూ నిజమే అనిపించె. ఇచ్చేస్తిమి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

వేప అమ్మవారని నాకు తెలియదా? ఒంటి మీద అమ్మవారు పోసినప్పుడు వేపాకు పరిచి దాని మీదే పడుకోబెడతాం. అది తప్పు కానప్పుడు ఇది ఎట్లా తప్పవుతుంది? పోనీ, తప్పే అనుకుందాం. చెక్కలు వాకిట్లో దించిన రోజు రాని భక్తి, వడ్రంగి కొలతలు తీసుకున్న రోజు రాని భక్తి, నేను ఊళ్లో లేనప్పుడే ఇద్దరికీ ఎట్లా పుట్టుకొచ్చింది? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు. మా ఇంట్లో దానికి మామ కూడా తోడయ్యాడు.

మరుసటి రోజే బస్సెక్కి మా ఊరి గుడికి పోయాను. తలుపులు చక్కగా కుదిరాయి. వంకర లేదు, పగులు లేదు, అన్నాళ్లు నేను అట్లా కాపాడాను మరి. మన గుళ్లలో ట్యూబులైటుకు కూడా దాత పేరు రాస్తారు కదా, ఒక తలుపు మీద పసుపు రంగుతో మా ఆయన పేరు, రెండో తలుపు మీద మా నాయన పేరు. ఇద్దరికీ శాలువాలు కూడా కప్పారట. పూజారి హారతి ఇస్తూ, "మీ ఇంటాయన చేతికి ఎముక లేదమ్మా," అన్నాడు. ఆ తలుపుల మధ్య నిలబడి నేను అమ్మవారికి దండం పెట్టుకోవలసి వచ్చింది. ఇంకెవరికి ఇచ్చి ఉన్నా పోయి తెచ్చుకునేదాన్ని. దేవతకిచ్చింది తిరిగి అడిగితే పాపిష్టిదాన్ని నేనే అవుతాను. వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

మా ఆయన మీద కోపం నాకు కొత్త కాదు. తిడతాను, రెండు రోజులు మాట్లాడను, మళ్లీ అన్నం వడ్డిస్తాను. నాయన చేసిన మోసాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియలేదు.

గృహప్రవేశానికి నాయన వచ్చాడు. భోజనాలయ్యాక నా గదిలోకి వచ్చి, తువ్వాలు పరుచుకుని నేల మీద ఒరిగాడు.

"చల్లగా ఉండాది పాపా. అల్లుడు మంచి పని చేసినాడు."

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. "నాయనా, ఆ చెక్కలు నాకిచ్చినావు కదా?"

"ఇస్తి. ఇచ్చింది నేనే కదమ్మా, మళ్లా నేనే తీసుకుంటే తప్పేముండాది? అదీ దేవునికే కదా పోయింది."

"అయితే అన్నోళ్లకిచ్చిన చేన్లో కూడా రవ్వంత తీసి ఆ గుడికే రాసియ్యి."

నాయన లేచి కూర్చున్నాడు. నేను ఏం అడుగుతున్నానో నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూశాడు.

"అదెట్లయితాది పాపా? అది వాళ్లది కదా," అన్నాడు.