పన్నెండు మాటల రాయి

కడపలో దానం చేసినవాళ్ల పేర్లలో సగం రాళ్లు చెక్కే ఇమామ్ చేతి మీదుగా పోయినవే. బడి గోడ మీద, బస్టాపు బెంచీ మీద, గుడి మెట్ల మీద, దర్గా వాకిట్లో, ఎక్కడ నల్లబండ మీద 'దాత' అన్న మాట కనబడినా అక్షరాల వంపు చూసి అది తన ఉలి పనో కాదో ఆయన చెప్పేసేవాడు. ముప్పై ఏళ్ల ఆ పనిలో దానాల మీద ఆయనకు గౌరవం పెరిగిందని చెప్పలేం. ఇచ్చేవాళ్లు అక్షరాల సైజు దగ్గర తగువు పడేవాళ్లు. ఒకాయన తన పేరుకంటే తమ్ముడి పేరు లావుగా ఉందని చెక్కిన బండను వెనక్కి పంపాడు. "నీళ్లతొట్టి ఇంతుంటాది, పేరుబండ అంతుంటాది" అని ఇమామ్ నవ్వేవాడు.

భార్య కౌసర్ పోయాక ఆయన ఆ నవ్వు మానుకున్నాడు.

కౌసర్‌కు కిడ్నీలు చెడ్డాయి. చివరి రెండు నెలలు కర్నూలులో ఒక ఆసుపత్రిలో పడుకుంది. ఆమెకు రోజుకు ఇన్ని గుక్కలని కొలిచి నీళ్లు ఇచ్చేవాళ్లు. ఆమె కిటికీలోంచి ఆవరణలో కూర్చున్న రోగుల మనుషులను చూస్తూ ఉండేది. "నాకంటే కొలిచి పోస్తారు సరే, ఈళ్లకేం వచ్చింది? సీసాలు కొనుక్కుంటాండారు. ఈడొక నీళ్ల మిషను పెట్టిస్తే ఎంత పుణ్యం" అంది ఒకరోజు. పోయినవాళ్ల పేరున నీళ్లు పెట్టించడం ఇమామ్ వాళ్లలో ఉన్నదే. ఆ నీళ్లు పారినన్నాళ్లూ పుణ్యం వాళ్లకు చేరుతూనే ఉంటుందని నమ్మకం. ఆమె గాజులు అమ్మి, ఆ డబ్బు ఆసుపత్రుల్లో నీళ్ల మిషన్లు పెట్టే ఒక ట్రస్టుకు ఇచ్చాడు. ఒక్కటే అడిగాడు. మిషను పక్కన కౌసర్ పేరుతో బండ పెట్టాలి, దాన్ని తానే చెక్కుకుంటాడు.

ట్రస్టు తరఫున మహిమ అనే అమ్మాయి కడపకు వచ్చింది. మాట మెత్తన, పని చురుకు.

"చాచా, ఇప్పుడు బండలు పెట్టడం లేదు. ఆసుపత్రివాళ్లు గోడలు పగలగొట్టనివ్వరు. మేం డిజిటల్ రాళ్లు ఇస్తున్నాం."

"రాయి డిజిటల్ ఎట్లయితాదిమ్మా?"

ఆమె ఫోనులో చూపించింది. నల్లబండ బొమ్మ, దాని మీద తెలుగులో, ఉర్దూలో కౌసర్ పేరు. అలాంటి బొమ్మలను ఎక్కడెక్కడి దేశాలవాళ్లో క్రిప్టో నాణేలిచ్చి కొనుక్కుంటున్నారనీ, వాళ్లవల్లే మిషను ఆర్నెల్లు ముందే వచ్చిందనీ చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు. కర్నూలు ఆసుపత్రికి మిషను నిజంగానే వచ్చింది.

"మీ బండ పగలొచ్చు, గోడ కూలొచ్చు. ఇది మాత్రం ఎవరూ చెరపలేరు చాచా" అంది.

ముప్పై ఏళ్లు ఉలి పట్టినవాడికి ఆ మాట గుచ్చుకుంది. కానీ మిషను పక్కన అంటించిన క్యూఆర్ చీటీని ఫోనుతో చూస్తే కౌసర్ పేరు వస్తుందని చెప్పాక సరేనన్నాడు. మహిమ ఆయన ఫోనులో ఏవేవో నొక్కి, ఒక కాగితం మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు రాసిచ్చింది.

"ఈ రాయికి తాళంచెవి ఇదే. ఫోను పోయినా పర్వాలేదు, ఈ మాటలు పోతే ఇంక ఎవరూ ఏం చేయలేరు. కాగితం తడుస్తుంది, చిరుగుతుంది, జాగ్రత్త. ఎవరికీ చెప్పొద్దు."

ఇమామ్‌కు ఇంగ్లీషు చదవడం రాదు. డాక్టర్ల బోర్డులు చెక్కీ చెక్కీ అక్షరాల రూపం మాత్రం వచ్చు. తడవనిదీ చిరగనిదీ కడపలో ఏముంది? ఆ వారమంతా కూర్చుని, కౌసర్ సమాధి బండ మీద పేరు కింద పన్నెండు మాటలూ లోతుగా చెక్కాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దంటే నోటితో చెప్పొద్దని ఆయన అనుకున్నాడు.

పాలిష్ మిషను నడిపే ఓబులేష్ బండను ఎత్తించడానికి సాయం వచ్చి కూడబలుక్కుంటూ చదివాడు. "రివర్... లాడర్... ఏమప్పా ఇమామూ, ఏడోది డాంకీ అని ఉండాదే. కౌసరక్క సమాధి మీద గాడిదేందప్పా?"

"తాళంచెవికి పండ్లు ఎట్లుంటే నీకేం? తాళం తీస్తే సాలదా?"

"ఆయమ్మ లేసొచ్చి నిన్ను తంతాది సూడు."

"వస్తే రానీలే" అన్నాడు ఇమామ్.

నెల తిరక్కుండానే మహిమ ఫోను చేసింది. "చాచా, మీ రాయి మీ దగ్గర లేదు. ఎవరో తీసేసుకున్నారు."

"యాడికి పోతాదిమ్మా? పొద్దున్నే సూసొస్తి, ఆడనే ఉండాది."

ఆయన చెబుతున్నది సమాధి బండ గురించి అని ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ బండ మీద ఏముందో అడిగింది. ఆయన చెప్పాడు. వేరే ఎవరి మైయత్‌నో పూడ్చడానికి వచ్చినవాళ్లెవరో గాడిద ఉన్న సమాధి అని ఫోటో తీసి, నవ్వుకోవడానికి పదిమందికీ పంపారట. ఆ పన్నెండు మాటలు వాటి విలువ తెలిసినవాడి కంట పడ్డాయి. వాడు ఆ తాళంచెవితో ఫోనులోని రాయిని తన పేరుకు మార్చుకున్నాడు.

ఇమామ్ ఆ మధ్యాహ్నమే కర్నూలు బస్సెక్కాడు. మిషను దగ్గర జనం సీసాలు నింపుకుంటున్నారు. ఆయన కోసం అక్కడికి వచ్చిన మహిమ చీటీని ఫోనుతో చూపించింది. కౌసర్ పేరు అలాగే ఉంది. దాని కింద సొంతదారు అన్నచోట, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి తోక, పక్కన వాడి ఫోటోకు బదులు కళ్లద్దాలు పెట్టుకున్న కోతి బొమ్మ.

"వాడెవడు?"

"తెలియదు చాచా. తెలుసుకోలేం."

"పోలీసులకు చెప్తే?"

"ఏ దేశంవాడో."

"అయితే చెరిపేయ్. నా భార్య పేరు కోతి దగ్గర ఎందుకుండాల?"

"చెరపలేం."

"మా పనిలో అక్షరం తప్పు పోతే బండను అరగదీసి మళ్లా రాస్తాం. మీ దాంట్లో అరగదీసేది లేదా?"

"లేదు చాచా."

"తప్పులు సెయ్యనోళ్లు పెట్టిండారా దీన్ని?"

మహిమ కొత్త బొమ్మ ఒకటి చేయిస్తానంది. ఇమామ్ వద్దన్నాడు. ఆ పిల్లను తిట్టాలని అంత దూరం వచ్చాడు, తిట్టడానికి నోరు రాలేదు. ఆ కోపం దేని మీద చూపించాలో తెలియక, మిషను పక్కనున్న గోడను అరచేత్తో తట్టి చూశాడు. సున్నం పెళ్లలు రాలే గోడ. కాపలా ఉన్న వీరభద్ర అనే ఆయన వెంటనే లేచాడు.

"గోడ ముట్టుకోవద్దు పెద్దాయనా. బోర్డులు, బండలు ఏం పెట్టేదానికి లేదు."

"గ్లాసు పెట్టొచ్చునా?"

వీరభద్ర ఆలోచించాడు. "గ్లాసు పెడితే ఎవరొద్దంటారు? సీసా లేనోళ్లు దోసిట్లో పట్టి తాగుతాండారు."

కడపకు తిరిగొచ్చాక ఇమామ్, పెళ్లికి పెట్టే గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు, స్టీలు గ్లాసు అంచు కింద చుక్కల అక్షరాలతో భార్య పేరు కొట్టాడు. 'కౌసర్' ఒక్కటే. దాత అనలేదు, కడప అనలేదు. రాతిపనివాడి చేతికి రేకు అలవాటు లేక మొదటి రెండు గ్లాసులు సొట్టలు పోయాయి.

ఆ తరువాత నెలకోసారి కర్నూలు పోవడం మొదలైంది. పోయిన ప్రతిసారీ గ్లాసు ఉండేది కాదు.

"మల్లా ఎత్తకపోయినారు ఇమామన్నా" అన్నాడు వీరభద్ర నాలుగోసారి. "గొలుసేసి కట్టురాదా?"

"కట్టేస్తే పడుకున్నోళ్ల మంచం దగ్గరికి ఎట్ల తీసకపోతారు?"

"తీసకపోతాండేది మంచాల దగ్గరికి కాదు, ఇండ్లకు. రేపు యాడో ఒకింట్లో పిల్లోడు కౌసర్ ఎవరని అడుగుతాడు సూడు."

"అడగనీ. వాళ్లమ్మ ఏం చెప్తాదో దొంగముండ" అని గొణుక్కుంటూ ఇమామ్ సంచిలోంచి ఇంకో గ్లాసు తీసి, కడిగి, నీళ్లు పట్టి, ముందు నిలబడ్డ మనిషికి అందించాడు.