సాంచాలు ఆగిన రోజు పాట

ఆ రోజుల్లో నా చెవుల మీద నాకున్న నమ్మకం ఇప్పుడు నా కళ్లద్దాల మీద కూడా లేదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. జగిత్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి, ఖాళీ దొరికితే ఇంటర్నెట్లో స్పీకర్ల గురించి చదివేవాణ్ణి. అక్కడే తెలిసింది, కంప్యూటర్లో పాట అంకెలుగా ఉంటుందట, ఆ అంకెలు వేళ తప్పకుండా రావాలట, రవ్వంత ముందూ వెనకా అయితే (దాన్ని జిట్టర్ అంటారు) పాట మసకబారుతుందట. ఇక ఆ రోజు నుంచి నాకు ప్రతి పాటా మసకగానే వినిపించింది. ఆ జబ్బుకు మందుగా ఒక చిన్న డబ్బా తెప్పించాను. కంప్యూటర్‌కూ స్పీకర్లకూ మధ్య దాన్ని పెడితే పాట తేటపడుతుందని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఉద్యోగం మానేసి కోరుట్లలో అలాంటి డబ్బాల దుకాణం పెట్టాలని నా కోరిక. అక్కడ ఖాళీగా ఉన్న షట్టర్ గది మా బావది. బావ సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు) నడిపేవాడు. "డబ్బ పెట్టినమో తీసినమో జూడకుండ చెప్పు. చెప్పినవంటె షట్టర్ నీదే" అన్నాడు. కానీ బావ వాళ్ల వీధిలో ఎప్పుడూ సాంచాల మోతే. మాట వినపడాలంటేనే గొంతు చించుకోవాలి, ఇక జిట్టర్ ఏం వినపడుతుంది? అందుకే బంద్ కోసం కాచుకుని, ముందురోజే డబ్బాతో సహా దిగాను. ఊరంతా రాష్ట్రం కోసం సాంచాలు ఆపితే, నేను నా చెవుల కోసం వచ్చానన్నమాట.

బంద్ రోజు పొద్దున గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనక తీగలు మార్చే పని అక్కది. వాళ్లింటి కంప్యూటర్లో, పెళ్లయినప్పటి నుంచీ అక్క ఆ ఇంట్లో పెట్టుకునే పాటే మొదలైంది. "ఇప్పుడు డబ్బ ఉన్నది బావా. దెబ్బకు దెబ్బకు నడుమ గాలి ఆడుతున్నది" అన్నాను. కాసేపాగి, "ఇప్పుడు తీసేసింది. ఎట్ల మసకైందో ఇనుండ్రి" అన్నాను. తిరిగి చూస్తే డబ్బా బల్ల మీద విడిగానే ఉంది, అక్క గడప మీద కూర్చుని ఉంది.

"నేనేం ముట్టలే తమ్మీ. ఇనుకుంట గిట్లనే కూసున్న" అంది. తర్వాత మెల్లగా, "గీ పాటల పిల్లనగ్రోవి ఉన్నదా?" అనడిగింది.

కరెంటు పోతే సాంచాలు ఆగేవి, కానీ పాటా ఆగేది. పండగపూట ఆగితే మైకులు అందుకునేవి. ఇన్నేళ్లుగా తనకిష్టమైన పాటలో పిల్లనగ్రోవి ఉందని అక్కకు ఆ రోజే తెలిసింది. పక్కింటి ఆడవాళ్లు వచ్చి వాకిట్లో చప్పుడు చేయకుండా కూర్చున్నారు. బావ స్పీకర్ దగ్గరికి జరిగి, "షట్టర్ సంగతి తర్వాత జూద్దాం. మొదటికెల్లి పెట్టు" అన్నాడు. ఆ తర్వాత షట్టర్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మరునాడు సాంచాలు మొదలయ్యాయి, పిల్లనగ్రోవి మళ్లీ మోతలో కలిసిపోయింది. సాంచా ఆడకపోతే పూట గడవని ఇల్లు అది. అయినా నన్ను సాగనంపుతూ అక్క, బావకు వినపడకుండా, "మల్ల బంద్ ఎప్పుడట తమ్మీ?" అంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దుకాణం పోయింది, చెవుల పరువూ పోయింది, అయినా జగిత్యాల దాకా సంతోషంగానే వెళ్లాడు.