సమ్మవ్వ కందిలి మీద ఎవరి పేరు

మొగుళ్లపల్లి దగ్గర మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఆ అద్దాల పెట్టె పెట్టినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. సర్పంచి "సూద్దాం తియ్యన్నా" అంటాడు. కార్యదర్శి ఫోను చెవిన పెట్టుకుని బయటికి పోతాడు. ఇన్నాళ్లూ నా మాట ఒక్కరికీ వినపడలేదు. మొన్న మళ్లీ వెళ్లాను. తుప్పు వదలడానికి గ్యాసునూనెతో, అదే కిరోసిన్‌తో, తుడిచారేమో, గదంతా అదే వాసన. పెట్టెలో కందిలి, పాతకాలం లాంతరు. చెయ్యి కాలకుండా తీగ పిడికి చుట్టిన ఆకుపచ్చ చీరపేలిక అలాగే ఉంది. కింద ఇత్తడి పలక మీద మాత్రం పటేలు ఇంటివాళ్ల పేరు. పెట్టె చేయించింది వాళ్లట! కందిలి మా పక్కింటి సమ్మవ్వది. ఆమె పోయాక కూలిన ఇంట్లోంచి పంచాయతీవాళ్లే పట్టుకొచ్చారు.

దీపాలు పెట్టాక ఇంట్లోంచి నిప్పు, నూనె, దీపం బయటికి ఇవ్వకూడదని మా ఊళ్లో పట్టింపు. మా వాడకు అప్పటికి కరెంటు రాలేదు. నేను పుట్టిన రోజు పొద్దుగూకే వేళకు అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మా ఎక్కబుడ్డి వెలుతురు మంత్రసానికి చాలలేదు. నాయిన పటేలు ఇంటికి పరుగెత్తాడు. వసారాలో రెండు కందిళ్లు వెలుగుతున్నాయి. "దీపాలు పెట్టినంక ఇయ్యరని తెల్వదారా? పొద్దుగాల రా" అన్నారట. అంటే నేను తెల్లారేదాకా ఆగి పుట్టాలి! సమ్మవ్వకు ఉన్నది ఒక్క కందిలే కాబట్టి నాయిన ఆమెను అడగనే లేదు. ఆమే కొక్కెం నుంచి తీసి తెచ్చింది. "నూనె నిండ పోసిన. ముందుగాల బిడ్డను సూడు" అని మంత్రసాని చేతికిచ్చి, తన ఇంట్లో చీకట్లో కూర్చుంది.

ఆ వానాకాలమే ఆమె భర్త జ్వరంతో పోయాడు. ఊరు వెంటనే కారణం కనిపెట్టేసింది. నాకు ఊహ తెలిశాక కూడా, బోరింగు దగ్గర పటేలు కోడలు అనడం ఈ చెవులతో విన్నాను. "దీపం దాటించింది, మొగన్నీ దాటించింది."

సమ్మవ్వ బిందె దించలేదు. "జరమొచ్చి పోయిండు బిడ్డా. మీ కందిళ్లు గడప దాటలేదు గద, మరి మీ మామకు కాలుచెయ్యి ఎట్ల పడిపోయింది?"

కోడలు బోరింగు కొట్టడం మరిచిపోయింది.

మరోసారి నేను వెంట ఉండగానే రేషను దుకాణంవాడు గ్యాసునూనె లేదని తలుపు వేయబోతే, సమ్మవ్వ గడప మీదే కూలబడింది. "అయిపోయిందా, అమ్ముకున్నవా? గా మాట నోటితోని చెప్పు, లేస్త."

నాకు సిగ్గేసింది. "పోదాం పా, అవ్వా" అని చెయ్యి లాగాను.

"అడిగినోళ్లు లేసిపోతే వానికి పండుగనే గదరా. కూసో."

కూర్చున్నాం. జనం పోగయ్యారు. చివరికి లోపలినుంచి నూనె డబ్బా బయటికొచ్చింది.

భూపాలపల్లిలో నేను పనిచేసే ఆఫీసులో నన్ను కొట్లాటమనిషి అంటారు. అననీ. ఎక్కడ నేర్చుకున్నానో వాళ్లకు తెలియదు.

సర్పంచి గారూ, కందిలి ఇచ్చిన పాపానికి ఆమె బతికినన్నాళ్లూ మాటలు పడింది. ఇవ్వనన్న ఇంటికి ఇప్పుడు ఇత్తడిలో పేరు. రేపు పొద్దున వచ్చి మీ ఆఫీసు గడప మీద కూర్చుంటాను. పలక మారుస్తారా, మార్చరా? చూద్దాం అంటే ఊరుకోను. నోటితో చెప్పండి, నలుగురి ముందు చెప్పండి. చెప్పేదాకా లేవను.