పరశురాం చెప్పిన సున్నా

మా ఆయన పరశురాం యూనివర్సిటీ లైబ్రరీలో చినిగిన పుస్తకాలు కుట్టేటాయన. ఇరవై ఏండ్లు వంగి కుట్టి కుట్టి నడుములో నరం నొక్కుకుపోయింది. తొంభై నాలుగులో ఆపరేషన్ అయింది. మొన్న వానకాలం జ్వరమొచ్చి పోయిండు, నడుముకూ దానికీ సంబంధం లేదు. కండ్లు మూసుకుంటే ఆయన నడకే కనబడతది. తార్నాక నుంచి క్యాంపస్ లోపలికి, నీడలు మెల్లగ కదిలే రోడ్డు మీద, సైకిల్ ఎక్కకుండ నడిపించుకుంట పోతుంటడు. పిలిస్తే వినబడనంత దూరం.

ఆపరేషన్ అయినంక మూడు నెలలకొకసారి సుప్రజ అనే చదువుకునే పిల్ల మా ఇంటికి వచ్చేది. వాళ్ళది గుంటూరు దిక్కు. ఆయనకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర కోయించుకున్నోళ్ళు ఎట్లున్నరో అడిగి రాసుకునుడు ఆమె పని. ఎంత దూరం నడుస్తరు, కాలు తిమ్మిరెక్కుతదా అని అడుగుతది. నొప్పికి అంకె చెప్పాలె. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఓర్వలేనంత.

"నొప్పి ఎంతండీ, పరశురాం గారూ?"

"సున్నా రాయి బిడ్డా."

"నడక?"

"లాలాగూడ దాంక పోయొస్త."

ఆ పిల్ల పోయినంక నేనడిగిన. "పొద్దున చెప్పు జారిపోతే కాలికి తెలువనే లేదంటివి. సున్నా ఎట్లయితది?"

"నీకేం ఎరుక? అది డాక్టరు సారు పరీక్ష పేపరు. నేను నొప్పంటే ఆయనకు మార్కులు కట్. ఆపరేషన్ నాడు భయపడకు పరశురాం అని నా చెయ్యి పట్టుకున్న మనిషిని ఫెయిల్ చెయ్యమంటవా?"

"మరి లాలాగూడ?"

"పోతలేనా?"

పోతుండె. సైకిల్ హ్యాండిల్ మీద వంగి పోతుండె. ముందుకు వంగితే నరానికి సందు దొరికి కాలు తేలికయితది. సైకిల్ లేకుంటే వాకిట్ల నల్లా దాంక పోలేడు. కాలు రోజురోజుకు చచ్చుబడుతున్నది. కాగితం మీద సున్నాలే ఉంటే డాక్టరు ఎందుకు పిలుస్తడు?

ఏడాది నిండిననాడు సుప్రజ లైబ్రరీకే వచ్చింది. నేను సద్ది గిన్నె తీసుకపోయి అక్కడనే ఉన్న. ఆయన మళ్ళ "సున్నా" అనంగనే నా నోరు ఆగలే.

"సైకిల్ లేకుండ నడిపించి చూడు బిడ్డా."

"ఏందే, నలుగుట్ల పరువు తీస్తవా?"

సుప్రజ పెన్ను కింద పెట్టింది. "ఇవి డాక్టరుగారి మార్కులు కావండీ. మీరు బాగుందంటే, ఇలా కోస్తే చాలనుకుని రేపు ఇంకొకరికీ ఇలాగే కోస్తారు."

ఆయన చేతిల సగం కుట్టిన పుస్తకం ఉన్నది. దాన్ని తిప్పి కుట్టు చూసిండు.

"కుట్టు ఊడిందని చదివేటోళ్ళు చెప్తెనే కద నాకు తెలుస్తది," అనుకుంట లేచిండు.

పొడుగు వరండా, నున్నటి బండలు, స్తంభాల నడుమ తెల్లటి ఎండ పలకలు పలకలుగ పడ్డది. ఆయన ఒక వెలుగులకెల్లి ఇంకో వెలుగులకు నీళ్ళల్ల నడిచినట్టు పోయిండు. సుప్రజ గడియారం చూసుకుంట పక్కన నడిచింది. నాలుగో స్తంభాన్ని పట్టుకొని ఆగిండు.

"గింతే. గింతనే రాయి. నొప్పి ఏడు. సారు ఏమనుకుంటడో."

పది రోజులకు డాక్టరే పిలిపించిండు. "ముందే చెప్పొద్దా పరశురాం?" అన్నడంట. మొదట కోసిన కాడికి పై వెన్నుపూస దగ్గర నరం ఇంకా నొక్కుకొనే ఉన్నదట. మళ్ళ కోసిన్రు, కసరత్తు నేర్పిన్రు. ఆరు నెలలకు సాయంత్రం పూట సైకిల్ లేకుండ, రెండు చేతులూ ఊపుకుంట నా పక్కన నడిచిండు. ఆ సాయంత్రాలు నిజంగ జరిగినయో నేనే కలగన్ననో, ఒక్కోసారి తెలువది.

తర్వాత ఏడాది సుప్రజ మళ్ళ వచ్చి అడిగింది. "నొప్పి ఎంతండీ?"

ఆయన నా దిక్కు చూసిండు.

"రెండున్నర," అన్న నేను.

"సగాలు లేవండీ!" అని నవ్వింది.

"అయితే మూడు రాయి బిడ్డా," అన్నడు ఆయన. "తక్కువ రాస్తే ఈమె ఊకోదు."